చిన్న స్టేషన్‌కి ఏదైనా చాలునా?

కొత్తగా కమ్యూనిటీ రేడియో పెట్టుకుంటున్నవాళ్లకు మన దగ్గర ఒక సలహా అడక్కుండానే దొరుకుతుంది. ట్రాన్స్‌మిటర్ బిగించడానికి వచ్చినాయన ఇస్తాడు, కంప్యూటర్ అమ్మినాయన ఇస్తాడు, ప్రైవేటు ఎఫ్‌ఎంలో కొన్నాళ్లు చేసి బయటికొచ్చిన ఆర్‌జే కూడా ఇస్తాడు. "మీది చిన్న స్టేషనండీ. ఏదో ఒక ప్లేఅవుట్ సాఫ్ట్‌వేర్ క్రాక్ చేసి పెట్టిస్తాను. మౌస్ పట్టుకోవడం వస్తే చాలు. లిస్టు వేసేశారంటే మిగతాదంతా అదే చూసుకుంటుంది." వినడానికి ఎంత ఆదరంగా ఉంటుందో! గతిలేనమ్మకు గంజే పానకం అన్నట్టు, పెద్ద స్టేషన్లకు ఉండాల్సినవేవీ చిన్నవాళ్లకు అక్కర్లేదని తేల్చెయ్యడం. లైసెన్సు అక్కర్లేదన్నది ఒక మాట, కీబోర్డు అక్కర్లేదన్నది ఇంకో మాట. వేర్వేరు సంగతుల్లా కనిపిస్తాయి గానీ రెండింటి అడుగునా ఉన్న నమ్మకం ఒకటే: స్టూడియోలో కూర్చున్న మనిషి చేతిలో పెత్తనం ఉండక్కర్లేదని. నా తగాదా ఆ నమ్మకంతోనే.

ముందు మౌస్ సంగతి. ప్రత్యక్ష ప్రసారం నడుస్తున్న గదిని దగ్గరగా చూడండి. కార్యక్రమం నడుపుతున్నామె ఎడమ చెయ్యి మిక్సర్ మీద ఫోన్ ఫేడర్ దగ్గరుంది. చెవులకు హెడ్‌ఫోన్స్. లైన్‌లో ఉన్న రైతు గులాబీ పురుగు దగ్గర మొదలుపెట్టి బ్యాంకు మేనేజరు దాకా వెళ్లాడు. ఆయన మనసు నొప్పించకుండా మాట ముగించాలి. ముగించిన మరుక్షణం ఫోన్ దించాలి, స్టేషన్ జింగిల్ పడాలి, దాని తోక పట్టుకుని పాట అందుకోవాలి. ఇదంతా మౌస్‌తో చెయ్యమంటే మొదట ఆ బాణం గుర్తు స్క్రీన్ మీద ఎక్కడుందో వెతుక్కోవాలి. ప్యాడ్ అంచుకి పోయిన మౌస్‌ని ఎత్తి మధ్యలో పెట్టుకోవాలి. జింగిల్ డబ్బా మీద ఒక నొక్కు, లిస్టులో పాట మీద రెండు నొక్కులు. సరిగ్గా ఆ సమయానికే జింగిల్ మొదలైందని లిస్టు ఒక వరస పైకి జరుగుతుంది. నొక్కు కింది పాట మీద పడుతుంది. పురుగుల గురించి చెప్పి చెప్పి, పెళ్లి పాట మోగిస్తుంది స్టేషన్. శ్రోత నవ్వుకుంటాడు. తప్పు ఆమెదని అందరూ తీర్మానిస్తారు.

కీబోర్డు మీద ఇదే పని రెండు వేళ్లది. ఎఫ్3 నొక్కితే జింగిల్, స్పేస్‌బార్ నొక్కితే తర్వాతి పాట. కళ్లు గడియారం మీంచి కదలక్కర్లేదు. వేలికి కీ ఉండే చోటు అలవాటవుతుంది. మౌస్ బాణానికి చోటంటూ ఒకటుండదు కదా అలవాటవడానికి. ఒక స్టూడియోలో ఫంక్షన్ కీల పైన తెల్ల ప్లాస్టరు పట్టీ అంటించి, దాని మీద బాల్‌పెన్‌తో 'మన పేరు', 'టైము', 'వాన', 'చావు కబురు' అని రాసుకోవడం చూశాను. చావు కబురంటే ఊళ్లో ఎవరైనా పోయినప్పుడు చదివే ప్రకటనకు ముందు వేసే వేణువు ముక్క. వాన అంటే వాతావరణ హెచ్చరిక. ఏ కంపెనీ మాన్యువల్‌లోనూ ఈ నాలుగు పేర్లూ ఉండవు. ఆ పట్టీ రాసుకున్నవాళ్లు యంత్రాన్ని తమ ఊరికి తగ్గట్టు దిద్దుకున్నారు. మౌస్ చాలన్న పెద్దమనిషి ఆ పట్టీని చూసి "ఇదేంటమ్మా, చిన్నపిల్లల్లాగా" అన్నాడు. అన్నాయన ఒక్కరోజు ఒక్క గంట లైవ్ నడిపి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

ఇది ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లోనే దొరికే విలాసం అనుకోవడానికీ లేదు. 1997లో వచ్చిన విన్‌యాంప్ అనే పాటల ప్లేయర్‌లోనే కీబోర్డు అడుగు వరసలో పక్కపక్కనున్న అయిదు కీలకు, జెడ్ ఎక్స్ సీ వీ బీలకు, అయిదు పనులు అప్పజెప్పారు: వెనక్కి, ప్లే, పాజ్, స్టాప్, ముందుకి. షిఫ్ట్ పట్టి వీ నొక్కితే పాట టక్కున తెగకుండా మెల్లగా తగ్గి ఆగుతుంది. ఎన్నో చిన్న రేడియోలు ఈ అయిదు కీల మీదే పుట్టి పెరిగాయి. ఉచితంగా దొరికే రివెండెల్ అనే ప్లేఅవుట్‌లోనూ స్పేస్‌బార్ నొక్కితే ఏం జరగాలో స్టేషనే నిర్ణయించుకునే సెట్టింగ్ ఉంది. లిస్టు తనంతట తాను నడవాలా, మనిషి చెప్తేనే కదలాలా, రెండింటి మధ్యస్థంగా ఉండాలా అన్నదీ స్టేషన్ ఇష్టమే. ఒక్కో కంప్యూటర్‌కి వేర్వేరు హాట్‌కీలు పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు ఈ అవసరం తెలుసు. మధ్యలో వచ్చి బిగించేవాళ్లు ఆ పేజీ తెరిచి చూపరు, అంతే.

కీలంటే భయపడేవాళ్ల వాదనలో నిజం లేకపోలేదు. చెయ్యి తగిలి ప్రసారం ఆగిపోతుందంటారు. ఆగుతుంది. ఆల్ట్ పట్టి ఎఫ్4 నొక్కితే ప్లేఅవుట్ కిటికీయే మూసుకుపోవచ్చు. షిఫ్ట్ కీని వరసగా అయిదుసార్లు తడితే విండోస్ 'స్టిక్కీ కీస్ కావాలా' అని మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. తెలుగులో పాట పేరు వెతకడానికి భాష మార్చి, తిరిగి మార్చడం మరిచిపోతే, పాటని ఆపాల్సిన అక్షరం వెతుకుడు డబ్బాలో తెలుగక్షరమై కూర్చుంటుంది, పాట మానాన పాట నడుస్తూనే ఉంటుంది. వాట్సాప్ కిటికీ ముందుకొచ్చి ఉన్నప్పుడు స్పేస్‌బార్ ఎంత నొక్కినా ప్లేఅవుట్‌కి వినపడదు. ఇవన్నీ నాకూ తెలిసిన తిప్పలే. ఇవన్నీ కీబోర్డు వద్దనడానికి కారణాలా, లేక కీబోర్డు నేర్పకపోవడం వల్ల వచ్చిన పాట్లా? ప్రసారం కంప్యూటర్‌లో వాట్సాప్ ఎందుకుండాలి? స్టిక్కీ కీస్ ఆపెయ్యడానికి అరనిమిషం పట్టదు. ప్లే చేసే పనికి ఒంటి కీ, ఆపే పనికి రెండు కీల జత పెట్టుకుంటే చెయ్యి తగిలినా పాట ఆగదు. అక్షరాల కీలు వదిలి ఫంక్షన్ కీలు వాడుకుంటే తెలుగు, ఇంగ్లిష్ గొడవే ఉండదు. ఇవి ఒక మధ్యాహ్నంలో చెప్పగలిగిన సంగతులు. చెప్పరు. చెప్పకపోగా, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను భయపెట్టి మౌస్ చేతికిస్తారు.

మౌసే గతి అన్నాక తలుపు మూసుకుపోయే మనుషులు కొందరున్నారు. చూపు లేనివాళ్లు. రేడియో వాళ్ల సొంత మాధ్యమం అని ప్రసంగాల్లో అనని నాయకుడు లేడు. వాళ్లకు మౌస్ బాణం అనేదే లేదు. కీబోర్డూ, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడరూ, ఇవే వాళ్ల స్టూడియో. ఆస్ట్రేలియాలో 2006లో ఇద్దరు చూపులేని ప్రోగ్రామర్లు మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, దాని లైసెన్సు జీపీఎల్ అనే స్వేచ్ఛా రకం, తెలుగు కూడా చదువుతుంది. స్టేషన్‌ప్లేలిస్ట్ అనే ప్లేఅవుట్‌ని దాంతో నడపడానికి వీలుగా ప్రత్యేకంగా ఒక యాడ్-ఆన్ కూడా రాశారు, పాటలో ఎంత మిగిలిందో, తర్వాత ఏముందో కీ నొక్కి చెవిలో వినేలా. ఆ స్థాయి పని పైదేశాల్లో చూపులేని బ్రాడ్‌కాస్టర్లు పట్టుబట్టి చేయించుకున్నది. మన దగ్గర 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కాగితం మీద భద్రంగా ఉంది. కొనే సాఫ్ట్‌వేర్ మౌస్ లేకుండా మొదటి నుంచి చివరిదాకా నడుస్తుందా అని టెండరులో ఒక్క వాక్యం రాసే దిక్కు లేదు.

ఇక "మిగతాదంతా అదే చూసుకుంటుంది" అన్న మాట. ఆటోమేషన్‌ని తిట్టడానికి నేను రాలేదు. రాత్రంతా మనిషిని కూర్చోబెట్టలేని స్టేషన్‌కి అది ప్రాణదానమే. కానీ అది చూసుకునేది లిస్టుని, ఊరిని కాదు. 2002 జనవరి 18న, అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం మైనాట్ పట్టణం పక్కన అర్ధరాత్రి దాటాక గూడ్సు రైలు పట్టాలు తప్పి అమోనియా ఊళ్లోకి కమ్మింది. ఒకరు చనిపోయారు, వెయ్యి మందికి పైగా దాని బారిన పడ్డారు. ఆ ఊరి వాణిజ్య రేడియో స్టేషన్లు ఆరూ క్లియర్ చానల్ అనే ఒకే కంపెనీవి. హెచ్చరిక చెప్పించడానికి స్టేషన్‌కి ఫోన్ చేస్తే పోలీసులకు సమయానికి మనిషి దొరకలేదన్న కథ అమెరికా రేడియో చరిత్రలో నిలిచిపోయింది. లోపం పోలీసులు వాడాల్సిన హెచ్చరిక యంత్రాంగంలోనే ఉందని కంపెనీ వాదించింది. ఆ తగువు తెగలేదు. ఎవరిది ఎంత తప్పయినా, పాటలు మాత్రం ఆగకుండా వచ్చాయి. తుపాను తీరంలో ఉన్న మన స్టేషన్‌కి ఆ కథలో కావాల్సింది ఇదే: లిస్టుని తెంచి గొంతు పెట్టడానికి ఎన్ని నొక్కులు కావాలి? అర్ధరాత్రి కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు, మొన్ననే చేరిన కుర్రాడు ఒక్కడే ఉన్నప్పుడు అతనికి ఆ కీ ఏదో తెలుసా? ఆ ప్లాస్టరు పట్టీ మీద 'వాన' అని రాసి ఉంటే తెలుస్తుంది.

ఇప్పుడు క్రాక్ దగ్గరికొద్దాం. చట్టం పేరు చెప్పి బెదిరించడం నాకిష్టం లేదు గానీ, "చిన్నవాళ్లని ఎవరడుగుతారు" అనేవాళ్లు చట్టం చదవలేదు కాబట్టి చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ సాఫ్ట్‌వేర్ వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారంలో భాగంగానో వాడలేదని తేలితే కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదలొచ్చు. ఆ వెసులుబాటు మాదే అని కమ్యూనిటీ రేడియో ధీమాగా ఉండగలదా? 2024 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు సవరించి ప్రకటనల సమయాన్ని గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెంచింది. గంటకు 12 నిమిషాలు డబ్బు తీసుకుని ప్రకటనలు వేస్తూ, అదే సాఫ్ట్‌వేర్‌తో వేస్తూ, మాకు వ్యాపారంతో సంబంధం లేదంటే వినే న్యాయమూర్తి దొరకాలి మరి.

అయినా నా అసలు అభ్యంతరం శిక్ష గురించి కాదు. దొంగ కాపీ పెట్టుకున్న స్టేషన్‌కి నోరు ఉండదు. సాఫ్ట్‌వేర్ ప్రతి గంటకీ ఒకసారి బిగుసుకుపోతుంటే ఎవరికి చెప్పుకోవాలి? క్రాక్ ఎక్కించేటప్పుడు యాంటీవైరస్ ఆపమన్నారు, ఆపారు, తిరిగి పెడితే క్రాక్‌ని తుడిచేస్తుందని అలాగే వదిలేశారు. అప్‌డేట్ చేస్తే తాళం పడుతుందని విండోస్ అప్‌డేట్ కూడా ఆపారు. ఊరి వృద్ధుల గొంతులు, విత్తనాల పాటలు, ఏళ్ల తరబడి రికార్డు చేసుకున్నవన్నీ ఉన్న కంప్యూటర్ అది. ఒకరోజు హార్డ్‌డిస్క్ పోతే, క్రాక్ పెట్టినాయన ఫోన్ ఎత్తడు. ప్రసారమైన కార్యక్రమాలు మూడు నెలలు దాచాలని అనుమతి ఒప్పందం అడుగుతుంది, ఏది ఎప్పుడు ప్రసారమైందో చెప్పే లాగ్ మాత్రం ఎవరూ తెరవలేని ఫైల్‌లో ఉంటుంది. ఈ మొత్తం కష్టంలో ఒక్క రూపాయి ఆదా అయిందని ఎవరైనా లెక్క చెప్పగలిగితే వింటాను.

దీని పక్కన సక్రమ లైసెన్సు ఎలాంటి బలమో చూడండి. డబ్బిచ్చి కొన్న కాపీకి, నష్టం రాకుండా బ్యాకప్ కాపీ తీసుకునే హక్కు అదే చట్టం 52వ సెక్షన్‌లో ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో గమనించి, పరిశీలించి తెలుసుకునే హక్కూ ఇచ్చింది. చట్టబద్ధంగా సంపాదించిన కాపీ ఉన్నవాడికే ఇవి.

హక్కుల మాట వచ్చింది కాబట్టి, అసలు తరంగం మీద హక్కు సంగతీ చూడండి. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అంది. ఆ తీర్పులో విడిగా, వివరంగా రాసిన న్యాయమూర్తి మన బి.పి. జీవన్ రెడ్డి. అప్పుడు పడిన విత్తనం అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో మొలవడానికి పదమూడేళ్లు పట్టింది. దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న గాలిలోకి వచ్చింది. స్వచ్ఛంద సంస్థల తరఫున లైసెన్సు పొందిన తొలి కమ్యూనిటీ రేడియోల వరసలో అది ముందుంది. తరంగం మాదే అని ఇంత పోరాడి, ఆ తరంగం మీదికి పాట పంపే కంప్యూటర్‌ని మాత్రం ఎవరో ముఖం తెలియనివాడి క్రాక్‌కి అప్పగించడం ఏ రకం స్వాతంత్ర్యం?

అయితే పెద్ద కంపెనీ దగ్గర కొనేస్తే నిశ్చింతేనా? ఇది రెండో రకం పెద్దమనుషుల వాదన, వాళ్ల బ్రోషర్లు నున్నగా ఉంటాయి. డబ్బు కట్టడంతో పని అయిపోదు. అమెరికాలో స్కాట్ స్టూడియోస్ అనే కంపెనీ ప్లేఅవుట్‌ని కొనుక్కున్న స్టేషన్లు చాలా ఉండేవి. ఆ కంపెనీ డీమార్క్ చేతికి వెళ్లింది. డీమార్క్‌ని 2006లో గూగుల్ కొంది. రేడియో ప్రకటనల్లో తనకు గిట్టుబాటు కాలేదని 2009లో గూగుల్ తప్పుకుని, ప్లేఅవుట్‌ని వైడ్‌ఆర్బిట్‌కి అమ్మేసింది. స్టేషన్‌లో అదే కుర్చీ, అదే కీబోర్డు. తాళంచెవి మాత్రం చేతులు మారుతూ పోయింది, ఎవరూ స్టేషన్‌ని అడగలేదు. ఇంకో కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది: పాటల వరస నిర్ణయించే సెలెక్టర్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ఆర్‌సీఎస్‌ని 2006లో కొన్నది ఎవరనుకున్నారు? మైనాట్‌లో ఆరు స్టేషన్లున్న ఆ క్లియర్ చానలే. దాని పోటీ స్టేషన్లు కూడా వాడుకునే సాఫ్ట్‌వేర్ అది.

ఉచితం అంటే సరిపోతుందా అంటే అదీ కాదు. ఇక్కడే మనవాళ్లు ఎక్కువ తడబడతారు. ఉచితంగా దిగుమతి చేసుకునే ప్లేఅవుట్లు మంచివే ఉన్నాయి. రేడియోడీజే, జారారేడియో ఎన్నో చిన్న స్టేషన్లని నిలబెట్టాయి, వాటిని రాసినవాళ్లకు దండం. కానీ వాటి సోర్స్ కోడ్ మన చేతిలో ఉండదు. రాసినాయనకు ఓపిక తగ్గినరోజు మన దారి మనం చూసుకోవాలి. సోర్స్ బయటపెడితే చాలదు కూడా. 2024 సెప్టెంబర్‌లో విన్‌యాంప్ యజమానులు సోర్స్‌ని గిట్‌హబ్‌లో పెట్టి, మార్చిన రూపాన్ని ఎవరూ పంచకూడదని షరతు రాశారు. నెల తిరక్కుండానే గోల తట్టుకోలేక మొత్తం తీసేశారు. దానికి ఎదురుగా ఎయిర్‌టైమ్ అనే రేడియో సాఫ్ట్‌వేర్‌ని చూడండి. సోర్స్‌ఫాబ్రిక్ అనే సంస్థ దాన్ని ఎవరైనా మార్చుకుని పంచుకోగల స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చింది. తర్వాత ఆ ఉచిత రూపం మీద పని మందగించి, సంస్థ దృష్టి డబ్బు కట్టే సేవ వైపు మళ్లింది. లైసెన్సులో హక్కు ఉంది కాబట్టి వాడుకరులే 2017లో ఆ సోర్స్ తీసుకుని లిబ్రేటైమ్ అని సొంతంగా నడుపుకోవడం మొదలుపెట్టారు. ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. మన దేశంలోనే గ్రామ్ వాణి సంస్థ ఇక్కడి కమ్యూనిటీ రేడియోల కోసం గ్రిన్స్ అని ఒకటి ఓపెన్ సోర్స్‌లో చేసింది, శ్రోతల ఫోన్ కాల్స్‌ని కూడా అందులోనే కలిపి. కంపెనీలకన్నా మన అవసరం బాగా తెలిసినవాళ్లు మన పక్కనే ఉన్నారు.

లైసెన్సుకీ కీలకీ సంబంధం ఉందని నేను ఊరికే అనలేదు. స్ప్రెడ్‌షీట్ల రోజుల్లో లోటస్ 1-2-3 మీద చేతులు అలవాటైనవాళ్ల కోసం బోర్లాండ్ తన క్వాట్రో ప్రోలో అవే ఆదేశాలు పనిచేసేలా పెట్టింది. లోటస్ 1990లో కోర్టుకెక్కింది, మా మెనూ ఆదేశాలు మా ఆస్తి అని. కింది కోర్టు అవునంది. 1995లో అప్పీలు కోర్టు కాదంది: అవి యంత్రాన్ని నడిపే పద్ధతి, వాటి మీద కాపీరైట్ ఉండదని. 1996 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు నలుగురు ఇటు, నలుగురు అటు చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. మన కోర్టులు దానికి కట్టుబడక్కర్లేదు గానీ, అందులోని న్యాయం స్టూడియోలో కూర్చున్న ఎవరికైనా అర్థమవుతుంది. ఏళ్ల తరబడి వేళ్లు నేర్చుకున్నది వేళ్లదే. సాఫ్ట్‌వేర్ మారినా ఎఫ్3 జింగిల్‌గానే ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

"ఇవన్నీ నేర్చుకునేది ఎవరండీ, లైనక్స్ ఎవరికొచ్చు" అని చివరికి అడుగుతారు. చిత్రమేమిటంటే, ఈ ప్రశ్న వేసేవాళ్లే మాచనూరు మహిళలు కెమెరాలు పట్టి సినిమాలు తీశారనీ, మైకు ముందు కూర్చుని రేడియో నడిపారనీ సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. మిక్సర్ నేర్చుకున్న మనిషికి స్పేస్‌బార్ కష్టమా? కష్టమైన భాగం ఇన్‌స్టాల్ చెయ్యడం, డేటాబేస్ సర్దడం, సౌండ్ కార్డు డ్రైవర్ కుదర్చడం. నిజంగానే కష్టం, రివెండెల్ మొదటిసారి పెట్టినవాళ్లు తలలు పట్టుకుంటారు. దానికి మనిషిని పిలిచి డబ్బివ్వండి. క్రాక్‌కి ఇచ్చే 'సర్వీస్ చార్జీ' ఎలాగూ ఇస్తున్నారు. ఇచ్చేముందు కాగితం మీద రాయించుకోండి: మదర్‌బోర్డు కాలిపోతే లైసెన్సు కొత్త కంప్యూటర్‌కి ఎన్ని గంటల్లో మారుస్తారు, రెండో కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంచుకునే కాపీకి మళ్లీ డబ్బు అడుగుతారా, ఇంటర్నెట్ వారం రోజులు లేకపోయినా ప్రసారం నడుస్తుందా, కీల పట్టిక మేమే మార్చుకుని వేరే ఫైల్‌గా దాచుకోవచ్చా, మేం మానుకున్నరోజు మా పాటల వివరాలూ లాగులూ ఏ రూపంలో తిరిగిస్తారు. ఈ ప్రశ్నలు వినగానే "చిన్న స్టేషన్‌కి ఇవన్నీ ఎందుకండీ" అని నవ్వేవాడికి అడ్వాన్సు ఇవ్వకండి.